తగినంత ఉప్పు అంటే ఎంత?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. తెలుగు సినిమాలో హీరో బియ్యం కడిగి ఎసట్లో పోసిన సీను ఒకటి చెప్పండి చూద్దాం! ఫైటు చెయ్యమంటే చేస్తాడు, డ్యూయెట్టు పాడమంటే పాడతాడు, కోర్టులో లాయర్ల నోరు మూయించమంటే మూయిస్తాడు. కానీ వంటింట్లోకి వచ్చాడంటే దేనికొస్తాడు? హీరోయిన్ చెయ్యి పట్టుకోడానికో, అమ్మ చేతి ముద్ద తినడానికో! అంతేగానీ గరిటె పట్టుకోడానికి కాదు.

"ఉన్నాడండీ, భీముడున్నాడు!" అంటారు మీలో పాతసినిమాల పిచ్చి ఉన్నవాళ్ళు. ఒప్పుకుంటాను. 1963లో వచ్చిన 'నర్తనశాల' కథే అది కదా. విరాటరాజు కొలువులో భీమసేనుడు వలలుడనే పేరుతో వంటవాడై అజ్ఞాతవాసం గడుపుతాడు. కానీ ఆయన కూడా మనకు గుర్తుండేది కీచకుణ్ణి చంపినందుకే తప్ప వండిన కూరలకి కాదు. ఇక 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావుగారి ఘటోత్కచుడు పెళ్ళివారి విందంతా ఒక్కడే ఆరగించే ఘట్టం మన తాతలకీ ఇష్టమే, మనకీ ఇష్టమే. తిన్నవాడు కళ్ళకు కట్టినట్టు గుర్తున్నాడు. వండినవాళ్ళెవరో ఒక్కరైనా గుర్తున్నారా? ఊహూఁ! అదీ సంగతి. తినేవాడు హీరో, వండేవాళ్ళు తెర వెనుక.

ఇంతకీ సినిమా పత్రికలో ఈ వంటల గొడవేమిటని కదూ మీ సందేహం? చెప్తాను.

నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే ఒక పాఠకుడు ఈ మధ్య ఉత్తరం రాశాడు. పేరు వద్దన్నాడు, వద్దులెండి. జనగామ వైపు నుంచి వచ్చాడట. షిఫ్టు డ్యూటీ. ఒకే గదిలో ముగ్గురు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగినప్పుడల్లా చేతిలో ఇంటినుంచి తెచ్చిన పచ్చడి సీసా ఉంటుందట. ఆ సీసా ఖాళీ అయిందాకా పండగ, తర్వాత హోటల్. హోటల్ తిండి జేబుకీ పడటం లేదు, కడుపుకీ పడటం లేదు. సరే, వండుకుందామని ముగ్గురూ తీర్మానించుకున్నారు. వంటల పుస్తకం కొన్నారు, ఫోనులో వీడియోలు చూశారు. అయినా వంట కుదరలేదు. ఎందుకు కుదరలేదో అతని మాటల్లోనే వినండి:

"ఏది చూసినా 'తగినంత ఉప్పు' అని రాస్తరు సార్. అమ్మకు ఫోన్ జేసి అడిగితే 'గింతంత ఎయ్ బిడ్డా' అంటది. గింతంత అంటే ఎంత సార్?"

నవ్వొచ్చింది. కానీ నవ్వి ఊరుకునే ప్రశ్న కాదిది. వంట రాయడం చాతనైన వాళ్ళకీ చాతకాని వాళ్ళకీ ఉన్న తేడా అంతా ఈ 'గింతంత'లోనే ఉంది.

మన అమ్మమ్మలకు కొలతలు లేవనుకోకండి. ఉన్నాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. లెక్క ఖచ్చితం! ఇత్తడి సోల ఇంట్లో ఉండేది, దానితో కొలిచి ఎసట్లో పోసేవాళ్ళు. కిలోలూ లీటర్లూ వచ్చాక సోల అటకెక్కింది. బియ్యానికీ పప్పుకీ మాత్రం కొత్త కొలతలొచ్చాయి. ఉప్పూ, కారం, పులుపూ చేతి కొలతలోనే ఉండిపోయాయి. ఆ చెయ్యి పక్కన నిలబడి చూస్తే వచ్చే విద్య అది. పక్కన నిలబడ్డది ఎవరు? కూతురు. కొడుకుని "నీకెందుకురా, పోయి ఆడుకో" అని బయటికి పంపేశారు. ఇప్పుడా కొడుకు నాచారంలో గదిలో కూర్చుని ఉప్పు డబ్బా వైపు బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. తప్పెవరిదంటారు?

పక్కన నిలబడే అవకాశం పోయినప్పుడు ఆ చేతి విద్యని అక్షరాల్లోకి ఎక్కించే మనిషొకరు కావాలి. తెలుగులో ఆ పనిని వారం వారం, ఏళ్ళ తరబడి చేసినావిడ మాలతీ చందూర్. నూజివీడులో పుట్టి, పెళ్ళయ్యాక మద్రాసు చేరిన ఆవిడ 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక మొదలుపెట్టారు. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు! హీరోలు మారారు, హీరోయిన్లు అత్తలూ అమ్మమ్మలూ అయ్యారు, నలుపు తెలుపు సినిమా పోయి రంగుల సినిమా వచ్చింది, 'ప్రమదావనం' మాత్రం ఆగలేదు. వంటలు, కుట్లు, అల్లికలు, చంటిపిల్లల పెంపకం, అత్తాకోడళ్ళ తగవులు, ఎవరికీ చెప్పుకోలేని మనసు బాధలు అన్నిటికీ అక్కడ జవాబు దొరికేది. ఆవిడ రాసిన 'వంటలు-పిండివంటలు' పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. పాతకాలపు ఇళ్ళల్లో అటక మీద వెతకండి, పసుపు మరకలతో అట్ట ఊడిపోయిన ప్రతి ఒకటి దొరికినా దొరుకుతుంది. పుస్తకానికి పసుపు మరక అంటే సినిమాకి శతదినోత్సవం షీల్డు లాంటిది!

ఈవిడ సినిమాకి పరాయిదనుకునేరు. సెన్సార్ బోర్డు సభ్యురాలిగా కూడా పనిచేశారు. 'హృదయనేత్రి' నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. 2013 ఆగస్టులో చెన్నైలో కన్నుమూశారు. అంత పెద్ద నవలాకారిణి పులిహోర ఎలా కలపాలో రాయడం చిన్నతనమనుకోలేదు. అది గమనించండి.

ఆ రోజులు ఒకసారి ఊహించుకోండి. మొగుడికి ఉద్యోగం భిలాయిలోనో బొంబాయిలోనో. కొత్తగా కాపురానికొచ్చిన పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి. పక్కింటివాళ్ళ భాష రాదు. ఉత్తరం రాస్తే అమ్మ జవాబు రావడానికి వారం పైనే పడుతుంది. ఫోను లేదు. పోస్టులో వచ్చే తెలుగు వారపత్రికే పుట్టిల్లు. అందులో వంట పేజీ అమ్మ గొంతు. ఆ పేజీ కత్తిరించి దాచుకున్నారంటే కాగితం మీద మోజుతో కాదు, పుట్టింటి మీద మోజుతో. ఈనాటి నాచారం కుర్రాడికీ ఆనాటి భిలాయి అమ్మాయికీ తేడా ఏముంది చెప్పండి? ఇద్దరూ ఇల్లు వదిలొచ్చిన వాళ్ళే. ఇద్దరికీ కావలసింది విందుభోజనం కాదు, ఇవాళ రాత్రికి పప్పూ అన్నం.

వంట పేరెత్తితే మన సినిమావాళ్ళలో భానుమతిగారిని తలచుకోకపోతే కళ్ళు పోతాయి. నటి, గాయని, దర్శకురాలు, స్టూడియో యజమానురాలు... ఇన్ని పనుల మధ్య 'అత్తగారి కథలు' రాసి కడుపుబ్బ నవ్వించారు. ఆ కథల్లో ఆవకాయ కూడా ఒక కథావస్తువే! ఆవకాయ పెట్టడమంటే మన ఇళ్ళల్లో ఎంత హడావిడో, ఎన్ని పంతాలో, ఎంత రాజకీయమో ఆవిడకు తెలుసు. వంటిల్లు కథకు పనికొచ్చే చోటేనని ఒక సూపర్ స్టారే చూపించాక ఇక మనకెందుకు మొహమాటం?

మన సినిమా కూడా ఆలస్యంగానైనా వంటింట్లోకి వచ్చిందిలెండి. 2012లో తనికెళ్ళ భరణి గారు శ్రీరమణ గారి కథతో 'మిథునం' తీశారు. ఇద్దరే నటులు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. పెరడు, పొయ్యి, కూరగాయలు, ముసలి మొగుడూ పెళ్ళాల గిల్లికజ్జాలు, అంతే సినిమా! ఫైట్లు లేవు, విలన్ లేడు. చూసి బయటికొచ్చిన ప్రతివాడికీ ఆకలేసింది. 2020లో 'మిడిల్ క్లాస్ మెలోడీస్' వచ్చింది. అందులో హీరో ఆశయం ఏమిటి? ఊరిని ఉద్ధరించడం కాదు, విలన్ మీద పగ తీర్చుకోవడం కాదు. గుంటూరులో హోటల్ పెట్టి తన చేతి బొంబాయి చట్నీ జనానికి రుచి చూపించడం! గరిటె పట్టిన హీరో మనకు దొరికాడు చివరికి. దొరికిందెక్కడ? మధ్యతరగతి వంటింట్లో.

అదే వంటింటి రెండో మొహం చూడాలంటే 2021లో వచ్చిన మలయాళ సినిమా 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' చూడండి. జియో బేబీ దర్శకుడు. కొత్త కోడలు వండుతుంది, వడ్డిస్తుంది, ఎత్తుతుంది, తోముతుంది. మళ్ళీ తెల్లారుతుంది. మళ్ళీ అదే. డైలాగుల కన్నా గిన్నెల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. ఆ సినిమా చూశాక, తిన్న కంచం అక్కడే వదిలేసి లేవడానికి ఏ మగవాడికైనా కాస్త సిగ్గు వెయ్యాలి. వెయ్యకపోతే ఇంకోసారి చూడాలి!

ఇప్పుడు మన పేటకొద్దాం. ఉప్పల్, నాచారం అంటే ఈనాటి కుర్రకారుకి క్రికెట్ స్టేడియమూ మెట్రో రైలూను. కానీ సినిమా ప్రియులకు నాచారమంటే ఎన్టీరామారావుగారి రామకృష్ణా స్టూడియో. 1977 సంక్రాంతికి విడుదలైన 'దానవీరశూరకర్ణ'లో ఆయనే కర్ణుడు, ఆయనే దుర్యోధనుడు, ఆయనే కృష్ణుడు, ఆయనే దర్శకుడు. ఆ మహాభారతమంతా తయారైంది రామకృష్ణా స్టూడియోలోనే. ఆ తర్వాత ఆరేళ్ళకు, 1983లో, అదే ఎన్టీఆర్ ముఖ్యమంత్రై కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టారు. తెర మీద కిరీటాలు పెట్టుకున్న మనిషి పేరు జనం నోట నిలిచింది అన్నం మెతుకుతో కూడా. బియ్యం ఇంటికొచ్చింది, సంతోషం. మరి బియ్యం పక్కన కంచంలో ఏముండాలి?

దానికి జవాబు కూడా మన పక్కనే ఉంది. నాచారం నుంచి హబ్సిగూడ దాటి తార్నాక వైపు వెళితే ఉస్మానియా యూనివర్సిటీ దాపున జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదు వచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. మన దేశంలో తినే పదార్థాల్లో ఏది ఎంత బలమో లెక్కకట్టి పుస్తకంగా అచ్చువేసింది ఈ సంస్థే. 2017లో వచ్చిన కొత్త పట్టికలో 528 పదార్థాల లెక్కలున్నాయి. తోటకూర నుంచి కొర్రమీను దాకా ప్రయోగశాలలో జాతకం రాసేశారన్నమాట!

2024లో అదే సంస్థ జనానికి పనికొచ్చే ఆహార సూత్రాలు 17 ప్రకటించింది. వాటి సారాంశం విందు కాదు, అచ్చమైన ఇంటి భోజనం. రోజుకి కూరగాయలూ పండ్లూ కలిపి అరకిలో దాకా తినమంది. పప్పుదినుసులు తప్పనిసరి అంది. ఉప్పు రోజుకి 5 గ్రాములు మించొద్దంది. అంటే మనిషికి రోజు మొత్తానికీ సుమారు ఒక టీస్పూను! అందులోనే కూర, పప్పు, పచ్చడి, మజ్జిగ అన్నీ. ఇదిగో బాబూ, నీ 'గింతంత'కి సర్కారువారి లెక్క! సీసాలోని ఊరగాయతోనే మూడు పూటలా లాగించే వాళ్ళు ఈ వాక్యం రెండోసారి చదవండి.

ఇందులో అమ్మాయిల కోసం ఒక ముక్క. నవ్వులాట కాదిది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నూటికి యాభై ఏడుగురు! హాస్టల్లో టిఫిను మానేసి టీ తాగి బస్సెక్కే అమ్మాయి, ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే అమ్మ, ఇద్దరూ ఆ లెక్కలోకి రావచ్చు. మందులు డాక్టరుగారు చూసుకుంటారు. మనం కంచంలో చేసుకోగలిగినవి రెండున్నాయి. ఆకుకూరా పప్పూ తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, అందులోని సి విటమిను ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టనిస్తుంది. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు మానండి, అవి ఆ ఇనుమును పట్టనివ్వవు. దీనికి ఖర్చు ఒక నిమ్మకాయ. మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ కన్నా చవక కదూ!

సరే, మరి రోజువారీ వంటలు నేర్పే పత్రికైనా, పుస్తకమైనా, వీడియో అయినా మంచిదా కాదా అని తేల్చుకోవడం ఎలా? సినిమాకి రివ్యూ రాసినట్టే దీనికీ రాయొచ్చు. నేను చూసేవి నాలుగు.

ఒకటి: కొలత చెప్పిందా? 'తగినంత', 'కొద్దిగా', 'సరిపడా' అని మూడుసార్లు రాస్తే ఆ వంట ముందే వచ్చినవాళ్ళ కోసం రాసిందన్నమాట.

రెండు: టైమూ గుర్తూ చెప్పిందా? 'ఉల్లిపాయ వేయించాలి' అంటే చాలదు. మెత్తబడేదాకానా, ఎర్రబడేదాకానా? కళ్ళతో ఏం చూడాలో, ముక్కుతో ఏం పసిగట్టాలో చెప్పాలి.

మూడు: లేనిదానికి బదులు చెప్పిందా? చింతపండు లేకపోతే నిమ్మకాయ, కందిపప్పు లేకపోతే పెసరపప్పు. ఉప్పల్ సంతలో దొరకని సరుకు పేరు రాసి ఊరుకుంటే అది వంట కాదు, కవిత్వం.

నాలుగు: గిన్నెలు ఎన్ని పడతాయి? ఇది ఎవరూ రాయరు! ఒక కూరకి ఆరు గిన్నెలు పడితే ఆ కూర రుచి తిన్నవాడికి, బరువు తోమినవాళ్ళకి.

మాటలు చాలు, వంట చూపించమంటారా? నాచారం గదిలో ముగ్గురికి సరిపోయేలా, ఒకే మూకుడులో, పావుగంటలో అయిపోయే బొంబాయి చట్నీ. మన సినిమా హీరో గారి వంటే. కానీ ఇది అతని హోటల్ రహస్యం కాదు, మామూలుగా ఇళ్ళల్లో చేసుకునేదే.

మూడు టేబుల్ స్పూన్ల శనగపిండి రెండు గ్లాసుల నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి పక్కన పెట్టండి. నీళ్ళు ఒకేసారి పోయొద్దు. ముందు కాసిని పోసి పేస్టులా చేసి తర్వాత మిగతావి పొయ్యండి, ఉండలు రావు. మూకుడులో రెండు టీస్పూన్ల నూనె వేడి చేసి అర టీస్పూను ఆవాలు వెయ్యండి. చిటపటలాడాక ఒక టీస్పూను మినప్పప్పు, కాస్త జీలకర్ర. పప్పు ఎర్రబడగానే సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయ ఒకటి, చీల్చిన పచ్చిమిరపకాయలు మూడు, చిన్న అల్లం ముక్క, ఒక రెబ్బ కరివేపాకు. ఉల్లిపాయ మెత్తబడితే చాలు, ఎర్రబడక్కర్లేదు. పావు టీస్పూను పసుపు, ముప్పావు టీస్పూను ఉప్పు వేసి, శనగపిండి నీళ్ళు ఇంకోసారి కలియబెట్టి పొయ్యండి. సన్నసెగ మీద ఐదారు నిమిషాలు గరిటె ఆపకుండా తిప్పండి. పచ్చివాసన పోయి, గరిటెకి పల్చగా అంటుకుంటే అయిపోయినట్టే. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కాస్త జారుగా ఉండగానే దింపండి. అర నిమ్మకాయ పిండండి. ఇడ్లీ, పూరీ, చపాతీ దేనిలోకైనా సరే. అన్నంలోకి తిన్నా ఎవరూ పోలీసులకి పట్టివ్వరు!

బియ్యంలో తక్కువైనది పప్పుదినుసులో ఉంటుంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంటుంది. ఇడ్లీలో మినప్పప్పు కలిపినవాళ్ళూ, అన్నంలో పప్పు కలిపినవాళ్ళూ చదువుకోకపోయినా శాస్త్రం తెలిసినవాళ్ళే. మనం చెయ్యవలసిందల్లా ఆ చేతి శాస్త్రం ఆ చేతులతోనే పోకుండా చూసుకోవడం.

అందుకని ఈ వారం మీకొక పని. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ కూరలో ఉప్పు వెయ్యబోతుంటే ఒక్క క్షణం ఆపండి. ఆ 'గింతంత' ముందు చెంచాలో వెయ్యమనండి. ఎన్ని చెంచాలైందో రాసుకోండి. పసుపూ, కారం, చింతపండూ కూడా అంతే. అమ్మ విసుక్కుంటుంది, "వీడికేం పోయేకాలం" అంటుంది, అననివ్వండి. ఆ కాగితం కట్టే డబ్బుకి దొరకదు. ఎప్పుడో ఒకనాడు ఫోన్ చేసి అడగడానికి అవతల ఎవరూ ఉండని రోజొస్తుంది. ఆ రోజు మీ చేతిలో ఉండేది ఆ కాగితమే.

రాసుకున్న ఆ వంటని మాకూ పంపండి. ఒకే పేజీ, కొలతలు తప్పనిసరి, గిన్నెల లెక్క మరిచిపోవద్దు. బాగున్నవి ఈ శీర్షికలోనే వేద్దాం. మగపిల్లల ఉత్తరాలకు మొదటి చోటు! ఇక నాచారం తమ్ముడికి జవాబు: ముగ్గురికి ఒక గ్లాసు కందిపప్పు వండితే ఒక టీస్పూను ఉప్పుతో మొదలుపెట్టు. చాలకపోతే కంచంలో కలుపుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేవు. రుచి చూసి ఆ పక్కన నీ లెక్క రాసిపెట్టుకో. మూడోసారికి 'గింతంత' నీ చేతికే తెలుస్తుంది.

అన్నట్టు, వండింది నువ్వైతే గిన్నెలు తోమాల్సింది మిగతా ఇద్దరు. ఆ తీర్పు ఈ శీర్షిక తరఫున ఇచ్చేశాను, వాళ్ళకి చూపించు.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం!